రెండో ఆటకి టికెట్ ఎవరు కొంటారు? మారిషస్‌లో నాటకాన్ని వృత్తిగా నిలబెట్టుకోవడం గురించి

మొన్న జూన్‌లో ఓ సాయంత్రం రిహార్సల్ అయ్యాక వాన తెరిపివ్వలేదు. మారిషస్‌లోని ఈ క్యూర్పీప్ ఊళ్లో అది మామూలే. హాలు వసారాలో అందరం గొడుగుల కోసం వెతుక్కుంటుంటే, ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకుని ఇప్పుడు ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో నాటకాలు వేస్తున్న అమ్మాయి అడిగింది: "గురూజీ, బ్యాంకు ఉద్యోగం మానేసి నాటకం మీదే బతకొచ్చా ఇక్కడ?" ఇక్కడ తెలుగు, హిందీ, తమిళం చెప్పేవాళ్లందరినీ పిల్లలు గురూజీ అనే పిలుస్తారు. నేను ఠక్కున "వద్దమ్మా" అనేశాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఇన్నేళ్లు నాటకంలో ఉండి నేను ఇవ్వగలిగిన సలహా ఆ ఒక్క ముక్కేనా అనిపించింది. అందుకని నాకు తెలిసినంతలో, తెలిసిన వరసలో రాస్తున్నాను.

నా సంగతి రెండు మాటల్లో. పోటీలకి ఆడే పరిషత్తు నాటికలకి లైట్లు వేస్తూ పెరిగినవాణ్ణి. రెండేళ్ల కాంట్రాక్టు మీద తెలుగు చెప్పడానికి 1999లో ఈ దీవికి వచ్చాను. మళ్లీ పండక్కి తప్ప వెనక్కి వెళ్లలేదు. స్టేజి మీద కన్నా పక్కన తెర చాటు వింగ్‌లోనే ఎక్కువ కాలం నిలబడ్డాను. స్టేజి మేనేజరూ నేనే, లెక్కల పుస్తకమూ నా చేతిలోనే. కాబట్టి కళ గురించి కాక లెక్కల గురించి ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి.

పోటీ నాటకాన్ని పోటీ తర్వాత కూడా ఆడండి

ఇక్కడ నటులకి కొదవ లేదు. ప్రభుత్వం ఏటా భాషల వారీగా నాటకోత్సవాలు నడుపుతుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందీ, తమిళం, తెలుగు, మరాఠీ, ఉర్దూ, భోజ్‌పురి, క్రియోల్, ఇంకా ఉన్నాయి. తెలుగు నాటిక వేసే పిల్లల్లో సగం మంది డైలాగులు రోమన్ లిపిలో రాసుకుని బట్టీ పడతారు. "ళ" దగ్గరా "ణ" దగ్గరా పెన్సిలుతో గీత గీసుకుని మరీ పలుకుతారు. మూడు నెలలు రాత్రుళ్లు రిహార్సల్. ఒక్క సాయంత్రం ప్రదర్శన. మర్నాడు సెట్టు ఎవరింటి గరాజులోకో, షీల్డు ఎవరింటి షోకేసులోకో వెళ్లిపోతుంది.

మన పరిషత్తుల సంగతి ఎరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. జడ్జీల బల్ల వైపు తిరిగి డైలాగు చెప్పడం అలవాటైన నటుడికి, ఐదో వరసలో దగ్గుతున్న మనిషిని మళ్లీ నాటకంలోకి లాక్కురావడం చేతకాదు. ఆ విద్య మూడో ఆటకో నాలుగో ఆటకో గానీ పట్టుబడదు. ఒక్క ఆటతో చచ్చిపోయే నాటకం ఎవరికీ వృత్తి నేర్పదు.

మొదటి పని ఇదే. పోటీలో బాగా ఆడిన నాటకం ఏ భాషదైనా సరే తీసుకుని, ఆ నెలలోనే చిన్న హాల్లో ఆరు ఆటలు వెయ్యండి, టికెట్ పెట్టి. వంద రూపాయలైనా పెట్టండి గానీ పాసులు పంచకండి. చుట్టాలు అలుగుతారు, అలగనివ్వండి. నేను మొదటిసారి టికెట్ పెట్టినప్పుడు మా సొంత బావమరిదే గుమ్మం దగ్గర "నాక్కూడానా?" అన్నాడు. నీకే ముందు, అన్నాను. ఆ ఏడాది ఉగాదికి మా ఇంటికి రాలేదు. ఆ తర్వాతి నాటకానికి మాత్రం నాలుగు టికెట్లు కొన్నాడు.

జనాన్ని లెక్కపెట్టుకోండి

దీవి జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. పొడవు అరవై అయిదు కిలోమీటర్లు. ఈ చివర మాట ఆ చివరకి చేరడానికి ఒక రోజు చాలు, అది లాభమే. కానీ అదే మాట అయిపోవడానికీ ఒక నెల చాలు. పెద్ద దేశంలో నాటకం బాగుంటే ఊరు మార్చుకుంటూ ఏడాది తిప్పొచ్చు. ఇక్కడ నాటకం ఎంత బాగున్నా, కొని చూసేవాళ్లు అయిపోతారు. మా నాటకాల్లో బాగా ఆడినదాని తొమ్మిదో ఆటకి వింగ్‌లోంచి చూస్తే, సగం హాలు నాకు పేరుపేరునా తెలిసిన ముఖాలు. రెండోసారి వచ్చినవాళ్లు. పదో ఆట వెయ్యలేదు.

అందుకే ఒక్క నాటకాన్ని సాగదీసి దాని మీద బతుకుదామనుకోవద్దు. అదే ప్రేక్షకుడు ఏడాదికి నాలుగుసార్లు వచ్చేలా నాలుగు నాటకాలు చేతిలో ఉండాలి. మన సురభి వాళ్లు 1885 నుంచి చేస్తున్నది ఇదే కదా. కుటుంబాలకి కుటుంబాలే సమాజమై, నాటకాలన్నీ పెట్టెల్లో సిద్ధంగా పెట్టుకుని, ఏ ఊరు ఏది అడిగితే అది వేశారు. సురభి పేరు ఎత్తగానే మాయలూ మంత్రాలూ, తెరల మీద అగ్నిబాణాలూ గుర్తొస్తాయి మనకి. నాకు మాత్రం గుర్తొచ్చేది ఆ పెట్టెలు. రెండు కొత్త నాటకాలు, రెండు పాతవి, ఏడాదికి ఇంతే పెట్టుకోండి. పాతదానికి పది రోజుల రిహార్సల్ చాలు, సెట్టు ఖర్చు లేదు. డబ్బు మిగిలేది అక్కడే.

అసలు లెక్క

ఆ అమ్మాయికి ఒక కాగితం మీద రాసి చూపించాను. అంకెలు నేను అనుకున్నవే, మీరు మీ అంకెలు వేసుకోండి. అన్నీ మారిషస్ రూపాయల్లోనే.

నూట ఇరవై సీట్ల హాలు. సగటున 84 టికెట్లు తెగాయనుకుందాం. టికెట్ 500. ఒక ఆటకి 42,000. ఎనిమిది ఆటలకి 3,36,000.

ఇటు ఖర్చు. అయిదుగురు నటులు, దర్శకుడు, స్టేజి మేనేజరు, లైట్లూ సౌండూ చూసేవాడు, దుస్తులు చూసే ఆవిడ. తొమ్మిది మంది. రిహార్సల్, ఆటలు కలిపి ఆరు వారాలు. వారానికి మనిషికి 6,000 ఇస్తే 3,24,000. మిగిలింది 12,000. దాంట్లోనే హాలు అద్దె, సెట్టు, పోస్టర్లు, వ్యాను కిరాయి, రాత్రి రిహార్సల్లో బ్రెడ్డూ టీ.

కాగితం చూసి ఆ అమ్మాయి నవ్వింది. బ్యాంకులో పనిచేస్తుంది కదా, నాకన్నా ముందే అర్థమైంది. బాగా ఆడిన నాటకం కూడా మనుషుల జీతాలకి సరిపోతుంది, అంతే. కాబట్టి టికెట్ డబ్బు జీతాలకని గిరి గీసి పెట్టుకుని, మిగతా ఖర్చంతా ఇంకో దారిలో తేవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు హాలుకీ సెట్టుకీ పోస్టర్లకీ కట్టేసి, చివర్లో మిగిలితే నటులకి పంచుదామంటారు. మిగలదు. "అన్నా, ఈసారికి సర్దుకో" అన్న మాటతో ఎంత మంచి నటులు హోటళ్లలో ఆటపాటల పాలయ్యారో నేను చూశాను.

మిగతా ఖర్చు ఎక్కణ్ణుంచి

అన్నిటికన్నా నమ్మకమైనది బడి. ఇక్కడి పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు. ఇంగ్లీషు, ఫ్రెంచి సాహిత్యం తీసుకున్నవాళ్లకి పాఠ్యంలో నాటకాలు ఉంటాయి. ఆ ఏడాది పాఠ్యంలో ఏ నాటకం ఉందో జనవరిలోనే టీచర్లని అడిగి తెలుసుకోండి. దాన్ని గంటన్నరకి కుదించి పొద్దున్న పది గంటల ఆట వెయ్యండి. పిల్లాడికి 150 చొప్పున, నూట యాభై మంది పట్టే హాల్లో ఒక ఆట, అలాంటివి పది దొరికితే 2,25,000. హాలు, సెట్టు, వ్యాను, పోస్టర్లు అన్నీ ఇందులోంచి వెళ్తాయి. పైగా ఆ పిల్లలే ఎదిగి రేపు టికెట్ కొనేవాళ్లు. ఒక జాగ్రత్త: రెక్టరుకి, అంటే బడి పెద్దకి, ఉత్తరం రాసి ఊరుకుంటే పని కాదు. సాహిత్యం చెప్పే టీచరుని పట్టుకోండి. బస్సు ఎవరు మాట్లాడతారు, డబ్బు ఎవరు వసూలు చేస్తారు అన్నది ఆవిడే తేల్చాలి. పరీక్షలు దగ్గరపడే అక్టోబరుకి ముందే అన్నీ ముగించండి.

రెండోది డిసెంబరు. ఇక్కడ చట్టప్రకారం ఉద్యోగులకి ఏడాది చివర పదమూడో నెల జీతం వస్తుంది. ఆ రెండు వారాల్లో దీవి అంతా చేతిలో డబ్బుతో బజార్లో ఉంటుంది. వచ్చే ఏడాది నాలుగు నాటకాలకీ కలిపి ఒక కార్డు చేసి అప్పుడే అమ్మండి, నాలుగుకీ మూడింటి ధర. మే నెలలో అమ్మితే ఎవరూ కొనరు, నేను ప్రయత్నించాను. ఆ డబ్బుకి వేరే ఖాతా పెట్టుకోండి. జనవరిలో ఇంటి అద్దెకి వాడేసుకుంటే ఆగస్టులో ఆడబోయే నాటకాన్ని తినేసినట్టే.

మూడోది ఏడాదికొక ఇంటిల్లిపాది నాటకం. జమైకాలో ఇది ఎలా చేశారో చూడండి. 1941లో క్రిస్మస్ మర్నాడు ఒక పాంటోమైమ్ మొదలుపెట్టారు, పాటలూ హాస్యమూ ఉన్న నాటకం. మొదట ఇంగ్లండు కథలే. పోనుపోనూ తమ జానపద కథలూ తమ యాసా వచ్చి చేరాయి. ఏటా అదే రోజున తెర లేవడం ఆచారమైపోయింది. ఆ వసూళ్లు కూడబెట్టి 1961లో కింగ్‌స్టన్‌లో సొంత థియేటరు కట్టుకున్నారు. ఇక్కడ డిసెంబరు చివర తుఫాను భయం ఉంది కాబట్టి ఆ తేదీ మనకి నప్పదు. జూలై బడి సెలవుల్లో పెట్టుకోవచ్చు. తేదీ మాత్రం ఏటా మారకూడదు.

హోటళ్ల సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2018లో ఈ దీవికి దాదాపు పద్నాలుగు లక్షల మంది పర్యాటకులు వచ్చారు, అంటే దీవి జనాభా కన్నా ఎక్కువ. వాళ్లకి ఈ దీవి సంప్రదాయ సెగా ఆటపాటలు కావాలి. డబ్బు అదే రాత్రి కవర్లో పెట్టి ఇస్తారు. మా నటుల్లో పాడేవాళ్లూ ఆడేవాళ్లూ అందరూ అటే. వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు, ఇంటద్దె హోటలే కడుతోంది. శుక్ర, శనివారాల రాత్రుళ్లు రిహార్సల్ పెట్టకండి. ముఖ్యమైన వేషాలకి ఇద్దరిద్దరిని తయారుచెయ్యండి. ఒకసారి ఆట రెండు గంటలుందనగా నాయకుడి వేషగాడు ఫోన్ చేశాడు, హోటల్లో పెళ్లి పార్టీ ఉందని. ఆ రోజు ఆ వేషం పుస్తకం చేత్తో పట్టుకుని దర్శకుడు వేశాడు. జనం చప్పట్లు కొట్టారు, జాలితో.

గ్రాంటులు ఉన్నాయి, దరఖాస్తు పెట్టండి. కానీ డబ్బు వచ్చే తేదీని నమ్మి హాలు బుక్ చెయ్యకండి.

క్యాలెండరు

గోడ మీద పెద్ద క్యాలెండరు తగిలించి ముందు ఆడకూడని రోజులు కొట్టెయ్యండి. నవంబరు నుంచి మే మధ్య దాకా తుఫానుల కాలం. హెచ్చరిక ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటుంది. మూడు ఇచ్చారంటే బస్సులు ఆగిపోతాయి, జనం ఇళ్లలోనే. డబ్బు వాపసా, ఇంకో రోజు ఆటా అన్నది టికెట్ వెనకే అచ్చువేయించండి. అచ్చువేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గర పాత ఉత్తరాల కట్ట ఒకటుంది. శివరాత్రికి జనం గంగా తలావ్ సరస్సుకి నడుచుకుంటూ పోతారు. ఆ వారం వదిలెయ్యండి. తమిళుల కావడి, ఉగాది, ఈద్, చైనా కొత్త సంవత్సరం, వినాయక చవితి, దీపావళి, ఎవరి పండగ వాళ్లది కాదిక్కడ, అందరి సెలవూ అందరిదీ. చివరికి మిగిలేది జూన్ నుంచి సెప్టెంబరు.

వేళ కూడా ముఖ్యమే. పల్లెలకెళ్లే బస్సులు చీకటిపడితే పలచబడిపోతాయి. కార్లున్నవాళ్లే చూస్తే చాలనుకుంటే రాత్రి ఎనిమిదికి పెట్టుకోండి. నేనైతే ఆదివారం నాలుగున్నరకి పెడతాను. 2022 నుంచి మెట్రో రాజధాని పోర్ట్ లూయీ నుంచి రోజ్ హిల్ మీదుగా క్యూర్పీప్ దాకా నడుస్తోంది. ఆ దారిలో ఉన్న హాలుకి కొంచెం అద్దె ఎక్కువైనా తీసుకోండి. రేకుల కప్పు హాలైతే మాత్రం వాన పడే రోజూ ఎండ రోజూ వెళ్లి చూసి మాట్లాడుకోండి. వానలో డైలాగు వినపడదు.

ఏ భాషలో

తెలుగు మాస్టారుగా ఇది రాయడం కొంచెం కష్టంగానే ఉంది. టికెట్ నాటకం క్రియోల్‌లోనే నిలబడుతుంది. ఇంట్లో, బస్సులో, బజార్లో అందరూ మాట్లాడేది అదే. మా తెలుగు కుటుంబాల్లో కూడా. ఇక్కడికొచ్చిన మనవాళ్లని కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అనేవారు. వాళ్ల ముని మనవలు పూజలో తెలుగుని మంత్రంలా వింటారు, పోట్లాడుకునేది క్రియోల్‌లోనే. పోట్లాట ఏ భాషలో వస్తుందో నాటకం ఆ భాషలో వస్తుంది.

ఆ దారి వేసినవాళ్లలో దేవ్ విరాసామి పేరు చెప్పుకోవాలి. 1942లో పుట్టి 2023లో పోయారు. భాషావేత్త, రాజకీయాల్లోకి దిగి జైలుకెళ్లిన మనిషి. క్రియోల్‌ని అందరూ ఒకేలా రాసే పద్ధతే లేని రోజుల్లో, 1970లలోనే ఆ భాషలో నాటకాలు రాశారు. ప్రాథమిక బడుల్లో క్రియోల్ పాఠంగా వచ్చింది 2012లో. నాటకం బడికన్నా ఎంత ముందు నడిచిందో చూడండి. అలాంటి నాటకాలు వేసుకునేటప్పుడు రచయిత హక్కుల సంగతి ముందే తేల్చుకోండి. ఇక్కడ మారిషస్ సొసైటీ ఆఫ్ ఆథర్స్ ఉంది, అడగండి.

మరి తెలుగు, హిందీ, తమిళ నాటకాలు? నటులు పెరిగే నారుమడి అదే. ఆ నాటకాలు ఆగితే ఐదేళ్లలో క్రియోల్ నాటకానికీ నటులు దొరకరు. తెలుగు నాటికకి స్టేజి పక్కన తెల్ల గుడ్డ మీద క్రియోల్ అనువాదం వేసి చూడండి. మేం వేసినప్పుడు మొదటిసారి పక్క వీధిలో తెలుగు రాని కుటుంబం ఒకటి వచ్చి చివరిదాకా కూర్చుంది.

ముందు తయారుచేయాల్సింది నటుల్ని కాదు

లైట్లు కట్టేవాడు, సౌండు చూసేవాడు, సెట్టు బిగించేవాడు, స్టేజి మేనేజరు. దీవి మొత్తంలో ఈ పని తెలిసినవాళ్లు కొద్దిమంది. వాళ్లనీ హోటళ్లూ పెళ్లిళ్లూ పట్టుకుపోతాయి. ఒక్కొక్కరి కింద ఇద్దరు పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలకి కూడా డబ్బివ్వండి. ఉప్పుగాలికి లైట్ల ప్లగ్గులు పచ్చబడతాయి, కేబుళ్లు లోపల్లోపలే పాడవుతాయి. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ చెడితే దాని విడిభాగం ఓడలో రావాలి, ఎప్పుడొస్తుందో ఓడకే తెలియాలి. అందుకని ప్రతి సామానుకీ ఒక అదనపుది కొనండి, రెండు వారాలకోసారి తుడిపించండి. నటుడు జ్వరంతో పడుకుంటే ఇంకొకణ్ణి నిలబెట్టొచ్చు, డిమ్మర్ చచ్చిపోతే ఏం చేస్తారు?

కాగితం రాసుకోండి

చిన్న దీవి. దర్శకుడి మేనత్త కొడుకు హీరో, హీరో అన్న పత్రికలో సమీక్ష రాస్తాడు. తిట్టినా పొగిడినా రేపు పొద్దున్న అదే బజార్లో ఎదురుపడాలి. నోటిమాట మీద నడిస్తే చుట్టరికాలే పోతాయి. ఒక్క పేజీ చాలు: ఎన్ని వారాలు, ఎంత డబ్బు, ఏ తేదీన, ఆట రద్దయితే ఎంత, మళ్లీ వేసుకుంటే ఎంత. అందరూ సంతకం పెట్టాలి, దర్శకుడి భార్య కూడా. కళాకారుల హోదా మీద ఇక్కడ 2023లో చట్టం వచ్చింది. చదవండి, వృత్తి కళాకారుడిగా నమోదుకి మీ కాగితాలే సాక్ష్యం.

భవనం కోసం ఆగొద్దు

పోర్ట్ లూయీ పాత థియేటరు 1822లో తెరిచారు, రోజ్ హిల్ ప్లాజా 1933లో. రెండూ మరమ్మతుల కోసం ఏళ్లకేళ్లు మూతపడి ఉండటం నా కళ్లతో చూశాను. కోడన్ ఆర్ట్స్ సెంటర్ 2018లో వచ్చాక రాజధానిలో మంచి హాలు ఒకటి దొరికింది. హాలు లేదు కాబట్టి నాటకం లేదు అనేవాళ్లకి నేను ఐస్‌లాండ్ కథ చెబుతాను. రేక్యావిక్‌లో నాటక సమాజం 1897లో మొదలైంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లే సాయంత్రాలు ఆడేవాళ్లు. జాతీయ థియేటరు కట్టడానికి వినోదపు పన్ను కేటాయిస్తూ 1923లో చట్టం చేశారు. కట్టుబడి మొదలై, డబ్బు వేరేదానికి మళ్లి ఆగిపోయి, యుద్ధంలో బ్రిటిష్ సైన్యం దాన్ని గోడౌన్‌గా వాడుకుని, చివరికి 1950లో తెర లేచింది. అప్పటికి ఆ దేశ జనాభా లక్షన్నర కూడా లేదు. భవనం వచ్చేసరికి అందులో ఆడటానికి అర్ధ శతాబ్దం ఆడి ఆరితేరిన మనుషులు ఉన్నారు.

దీవి దాటితే

మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవి అయిదొందల అరవై కిలోమీటర్ల దూరం. జనం తక్కువ, కానీ మీ నాటకం వాళ్లకి కొత్త. ఇటు పక్క రీయూనియన్, విమానంలో ముప్పావుగంట. అది ఫ్రాన్సులో భాగం. పిలిచారంటే యూరోల్లో ఇస్తారు. వాళ్ల క్రియోల్ వేరు, కాస్త నిదానంగా పలికితే అందుతుంది. రెండు చోట్లకీ సెట్టు ఓడలో పంపితే వచ్చిన డబ్బు ఓడకే పోతుంది. అందుకని ప్రతి కొత్త నాటకం మొదలయ్యేటప్పుడే సెట్టు వేసేవాడికి చెప్పండి: ఏ ముక్కా సూట్‌కేసు కన్నా పొడుగుండకూడదు. మేకులు కొట్టకుండా బోల్టులు బిగించాలి. చివరి ఆట అయ్యాక రాత్రికి రాత్రి పీకి పారేయొద్దు. మర్నాడు పొద్దున్నే వచ్చి విప్పి, ప్రతి ముక్క మీదా నంబరు రాసి, బోల్టులు గుడ్డ సంచిలో కట్టి అదే పెట్టెలో వెయ్యండి. దుస్తులు ఉతికి, పూర్తిగా ఎండబెట్టాకే మడతపెట్టండి. ఈ దీవి తేమకి నెల తిరక్కుండా బూజు పడుతుంది. పెట్టె మూత లోపల నాటకం పేరు, ఆడిన తేదీలు, ఎవరు ఏ వేషం వేశారు, ఎవరికి ఎంత ఇచ్చారు అంటించండి. మళ్లీ ఎప్పుడో ఆ పెట్టె తెరిచేది మీరు కాకపోవచ్చు.